ఈరయ్య నీళ్ల చదువు

పూడూరుకు దిగువన ఒక పల్లెలో కురుమ కాశమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు బీరన్న, చిన్నవాడు ఈరయ్య. తండ్రి పోయాక మంద బీరన్న చేతికి వచ్చింది. ఈరయ్యకు మాత్రం గొర్రెల వెంట తిరగడం ఎన్నడూ చేతకాలేదు. అవి ఎవరి చేనులోనో పడేవి, వీడు ఏ వాగు ఒడ్డునో కూర్చుని నీళ్లకు కట్టలు కడుతూ ఉండేవాడు. చేనువాళ్లు కాశమ్మ ఇంటిముందుకొచ్చి నోరు చేసుకోవడం మామూలైపోయింది. ఇక వీడు మందకు పనికిరాడని వికారాబాదులో మేనమామ దగ్గర వదిలిపెట్టారు. మేనమామ స్టేషనులో మూటలు మోసేవాడు.

అక్కడి సర్కారు బడిలో చదువంతా ఉర్దూలో ఉండేది. ఇంట్లో ఆ భాష తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అయినా ఈరయ్యకు అది గొంగడి కప్పుకున్నంత తేలికగా అబ్బింది. లెక్కలు ఉర్దూలో, భూగోళం ఉర్దూలో, చివరకు కలలు కూడా ఉర్దూలోనే వచ్చేవని తర్వాతి రోజుల్లో చెప్పి నవ్వేవాడు. 1948 వానాకాలంలో హైదరాబాదులో మిషన్ల పని నేర్పే ఒక పాఠశాలలో సీటు దొరికింది. ఉండటానికి హాస్టలు, తినటానికి సర్కారు ఇచ్చే వజీఫా డబ్బులు.

పోయే ముందు ఊరికి వెళ్లాడు. కాశమ్మ అరుగుమీద కూర్చుని ఉన్ని వడుకుతోంది.

"ఏం చదువుతవు కొడుకా ఆడ?" అని అడిగింది.

"మిషన్ల చదువమ్మా. నీళ్లతోని, నూనెతోని బరువులు లేపుడు."

"నీళ్లకు గూడ చదువుంటదా?"

బీరన్న పకపకా నవ్వాడు. ఆనాటి నుంచి ఊళ్లో దానికి నీళ్ల చదువని పేరు పడిపోయింది.

పాఠశాలలో ఆ పాఠం చెప్పే మాస్టరు ఖుర్షీద్ సాబ్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్ల షేర్వానీకి ఎప్పుడూ ఎక్కడో ఒక నూనె మరక ఉండేది. మొదటి నెలలోనే ఆయన తరగతికి ఒక పరికరం తెప్పించాడు. ఒక సన్నటి ఇత్తడి గొట్టం, ఒక లావుపాటి గొట్టం, రెంటినీ కలుపుతూ కింద ఒక నాళం. లోపల నీళ్లు. రెండు గొట్టాల్లోనూ మూతల్లాగా బిగుతైన దిమ్మెలు. లావు గొట్టం దిమ్మెమీద పలక వేసి, తరగతిలో అందరికంటే బరువైన కుర్రవాణ్ణి దానిమీద నిలబెట్టాడు. తర్వాత అటూ ఇటూ చూసి బక్కగా ఉన్న ఈరయ్యను పిలిచాడు.

"నొక్కు బేటా. ఒక్క చేత్తో."

ఈరయ్య సన్న గొట్టం దిమ్మెను అరచేత్తో నొక్కాడు. అవతల పలకమీది కుర్రవాడు "అరె!" అని చేతులు చాపాడు. వాడు లేచింది వేలెడంత కూడా కాదు. కానీ లేచాడు. తరగతి గొల్లుమంది. ఈరయ్య మాత్రం నవ్వలేదు. చేయి తీసి, మళ్లీ నొక్కి, మళ్లీ తీశాడు. మంది నవ్వులన్నీ అయ్యాక ఖుర్షీద్ సాబ్ చెప్పాడు. నీళ్లను ఒకచోట నొక్కితే ఆ నొక్కుడు అక్కడే ఉండిపోదు, నీళ్లు తగిలిన ప్రతి గోడమీదికీ అంతే జోరుతో పోతుంది. దాని పేరు దబావ్. లావు దిమ్మె వెడల్పు ఎక్కువ కనుక దానికి అందే బలం ఎక్కువ. ఆ సాయంత్రం ఈరయ్య హాస్టలు నల్లా దగ్గర నిలబడి, బొటనవేలితో మూతిని మూస్తూ, వదులుతూ చాలాసేపు ఉండిపోయాడు. తనకు బతుకులో దారి దొరికిందని అనుకున్న రోజు ఏదైనా ఉంటే అది ఆ రోజే.

ఆ సెప్టెంబరులో నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం వచ్చింది. పాఠశాల మూసేశారు. హాస్టలు వంటవాళ్లు ఎటు పోయారో తెలియదు. రైళ్లు నడవడం లేదు. ఈరయ్య రైలు పట్టాల వెంట నడిచి వికారాబాదు చేరుకున్నాడు. పోయే ముందు గేటు దగ్గర ఖుర్షీద్ సాబ్ కనిపించాడు. గొడవలు జరుగుతున్న బీదరు వైపు ఆయన అన్న కుటుంబం ఉండేది. వాళ్ల సంగతి ఏ మాత్రం తెలియక ఆయన వచ్చేపోయే ప్రతివాణ్ణీ అడుగుతున్నాడు. ఈరయ్యను చూసి, "ఇంటికి పో బేటా. జర శాంతమైనంక మళ్ల చదువుకుందాం" అన్నాడు.

శాంతమైంది. పాఠశాల తెరిచారు. కానీ నెమ్మదిగా చదువు భాష మారిపోయింది. కొత్త పుస్తకాలు ఇంగ్లీషువి. కొత్త మాస్టర్లు ఇంగ్లీషువాళ్లు కాకపోయినా ఇంగ్లీషులోనే చెప్పేవారు. ఖుర్షీద్ సాబ్‌ను కూడా ఇంగ్లీషులోనే చెప్పమన్నారు. ఆయన బోర్డువైపు తిరిగి ఒక్కో మాట కూడబలుక్కునేవాడు. మధ్యలో ఆగిపోయి, చాక్‌పీసు చేతిలో పట్టుకుని కిటికీలోంచి చూసేవాడు. పిల్లలు ముందు జాలిపడ్డారు, తర్వాత విసుక్కున్నారు. ఒక ఏడాది గడిచాక ఆయన రావడం మానేశాడు. మానిపించారో, మానుకున్నాడో ఎవరూ చెప్పలేదు.

ఈరయ్యకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. దబావ్‌ను ప్రెషర్ అంటారని తెలుసుకునేసరికి ఇంకో పది మాటలు ముందుకు వెళ్లిపోయేవి. పరీక్షలో ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని చూశాడు. ఒక ప్రశ్న పక్కన రెండు గొట్టాల బొమ్మ ఉంది. ప్రశ్న ఏమడుగుతున్నదో బొమ్మను బట్టి పోల్చుకుని, జవాబు మొత్తం ఉర్దూలో రాశాడు. లెక్క సరిగ్గానే వచ్చిందని అతనికి గట్టి నమ్మకం. కానీ ఉర్దూ కాగితాలు దిద్దేవాళ్లు అప్పటికి లేరు. తప్పాడు. మరుసటి ఏడు మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. వజీఫా ఆగిపోయింది. బీరన్న వచ్చి హాస్టలు నుంచి పెట్టె దించి నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇగ చాలు తమ్మీ. మనకు అచ్చిరాలే," అన్నాడు. అందులో కోపం లేదు. అదే ఈరయ్యకు ఎక్కువ బాధనిపించింది.

తాండూరులో స్టేషనుకు అవతల ఒక సేటుకు పత్తి మిల్లు ఉండేది. గింజ తీసిన పత్తిని పెద్ద యంత్రంలో వేసి, కింది నుంచి ఇనుప స్తంభం లేపి, అదిమి, బేళ్లు కట్టేవారు. ఆ స్తంభాన్ని లేపేది నూనె. ఇంజను పంపును తిప్పితే, పంపు నూనెను సన్నటి పైపుల్లోంచి స్తంభం కిందికి తోసేది. ఈరయ్య మొదటిసారి ఆ ప్రెస్సును చూసినప్పుడు దాని చుట్టూ తిరిగి తిరిగి నిలబడిపోయాడు. ఖలాసీగా చేరాడు. నూనె పోయడం, జాయింట్లు బిగించడం, తుడవడం. ప్రెస్సు నడిపే మిస్త్రీ వలీ భాయ్. నడివయసు మనిషి, గట్టిగా మాట్లాడేవాడు, తన రొట్టెలో సగం పెట్టేవాడు.

"ఇంత తెల్సినోనివి, సర్టిఫికేటు ఉంటే నువ్వే మిస్త్రీవి రా," అని వలీ అప్పుడప్పుడు అనేవాడు. ఈరయ్య వంగి జాయింట్లు తుడుచుకునేవాడు.

రుక్కమ్మతో పెళ్లయింది. హన్మమ్మ పుట్టింది. మిల్లు వెనక రేకుల వరసలో ఒక గది. రోజులు అలా పోతుండగా, 1958లో వికారాబాదులో పనిచేసుకునేవాళ్ల కోసం ఒక సాంకేతిక తరగతి పెట్టారని వలీ భాయే కబురు తెచ్చాడు. శనివారం మధ్యాహ్నం, ఆదివారం పొద్దున పాఠాలు. పంపులు, ప్రెస్సులు, జాకీలు, నూనె ఒత్తిడితో నడిచే యంత్రాలు. రెండు భాగాలు పాసైతే సర్టిఫికేటు.

ఈరయ్య రెండు రోజులు ఆ కబురే మనసులో తిప్పుకుంటూ తిరిగాడు. రుక్కమ్మే కదిలించింది.

"పోవాలెనని ఉన్నదా?"

"ముప్పై ఏండ్లొస్తున్నయి. పోరగాండ్ల నడుమ కూసోవాలె."

"కూసో. ఎవ్వలు గుంజుతరు నిన్ను?"

శనివారం పొద్దుటి పని కాగానే ఆమె కట్టిచ్చిన జొన్నరొట్టెలతో బండెక్కేవాడు. పాఠం చెప్పేది గుంటూరు వైపు నుంచి వచ్చిన వెంకటరత్నం. పాతికేళ్ల యువకుడు, అందరినీ మీరు అని పిలిచేవాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా తెలుగులో విడమరిచి చెప్పేవాడు. అయితే ఆయన తెలుగు ఈరయ్యకు సగమే అందేది. మొదట్లో అందరికంటే వెనక బెంచీలో, అందరికంటే వెనకబడి కూర్చున్నాడు.

ఖుర్షీద్ సాబ్ సంగతి తెలిసింది ఆ ఏడాదే. వలీ చుట్టం ఒకతను దగ్గు జబ్బుతో అనంతగిరి కొండమీది ఆస్పత్రిలో చేరితే, చూడబోయిన వలీకి పక్క మంచంమీద ఒక మాస్టరు కనిపించాడు. పేరు విన్న ఈరయ్య వచ్చే ఆదివారమే కొండెక్కాడు. పొడుగాటి వరండాలో వరసగా మంచాలు. ఆయన్ని ఆయన చేతులను బట్టి గుర్తుపట్టాడు. మొహంలో ఏమీ మిగల్లేదు.

"సాబ్, నేను ఈరయ్యను. పలకమీద పోరణ్ణి లేపినోణ్ణి."

ఖుర్షీద్ సాబ్ చాలాసేపు చూశాడు. "లేపినవు," అన్నాడు చివరకు. "తర్వాత ఏం చేసినవు?"

జరిగిందంతా చెప్పాడు ఈరయ్య. చెబుతున్నంతసేపూ తలవంచుకునే ఉన్నాడు. ఆయన విని దగ్గాడు, మూతి తుడుచుకున్నాడు.

"నీ తప్పేం లేదు. నాది గూడ లేదు. పుస్తకం తెచ్చినవా?"

అప్పటి నుంచి ప్రతి ఆదివారం తరగతి అయ్యాక ఈరయ్య కొండెక్కేవాడు. దగ్గరికి రావద్దని ఆయన దూరంగా ఒక స్టూలు వేయించేవాడు. ఈరయ్య ఇంగ్లీషు మాట చదివితే ఆయన ఉర్దూ మాట అందించేవాడు. ఏరియా అంటే రఖ్బా. ఫ్లో అంటే బహావ్. ఒకరోజు అలసిపోయి కళ్లు మూసుకుని, "నూనె గదే, జోరు గదే. పేర్లు మారినయ్, అంతే. గంత దానికి మనమిద్దరం ఆగమైనం," అన్నాడు.

"మళ్ల నేర్సుకుంటున్న గదా సాబ్."

"నువ్వు నేర్సుకో బేటా. నేను అలసిపోయిన."

ఆ వేసవిలో మొదటి భాగం పరీక్షలో ఈరయ్య పాసయ్యాడు. మార్కులు అంతంతమాత్రమే, అయినా పాసు పాసే. వెంకటరత్నం చేయి కలిపి అభినందించాడు. మరుసటి ఆదివారం తెల్లవారుజామునే రుక్కమ్మ బెల్లం వేసి పాయసం చేసింది. ఈరయ్య ఆ పాయసం డబ్బాలో పట్టుకుని కొండెక్కాడు. ఖుర్షీద్ సాబ్ మంచంమీద వేరే మనిషి ఉన్నాడు.

"గా సాబ్‌ను వాళ్ల మనుషులొచ్చి తీస్కపోయిన్రు," అన్నాడు వార్డులో ఊడ్చే మనిషి.

"ఏడికి?"

"ఏమో. నాకు చెప్పలే."

"మంచిగై పోయిండా?"

ఊడ్చేవాడు చీపురు ఆపి ఈరయ్యను చూశాడు. మళ్లీ ఊడ్చుకోవడం మొదలుపెట్టాడు. ఈరయ్య డబ్బాతోనే దిగి వచ్చాడు. ఆ తర్వాత ఎంతమందిని అడిగినా ఆయన సంగతి తెలియలేదు.

రెండో భాగం నడుస్తున్నప్పుడు, పత్తి జోరుగా వచ్చే రోజుల్లో, మిల్లులో ప్రెస్సుకు బలం తగ్గింది. స్తంభం లేస్తోంది కానీ పైకి పోయి ఆగడం లేదు. ఎక్కడో నూనె కారుతోందని వలీ అన్నాడు. ఎక్కడా చుక్క కనబడటం లేదు. సన్నగా ఈల వేసినట్టు చప్పుడు మాత్రం వినిపిస్తోంది. పంపు ఆపితే సేటు అరుస్తాడు. ఈరయ్య వంగి, పైపు పొడవునా కుడిచేతి వేళ్లతో తడుముతూ పోయాడు. ఒకచోట వేలికి ముల్లు గుచ్చుకున్నట్టు అయింది.

"దొరికింది వలీ భాయ్," అని చేయి తీశాడు.

చూపుడు వేలి కొసన సూది మొనంత చుక్క. రక్తం కూడా సరిగ్గా రాలేదు. పైపులో వెంట్రుకంత బీట ఉంది. పంపు ఆపి, ఆ ముక్క మార్చి, సాయంత్రం దాకా పని చేశాడు. ఇంటికి వచ్చేసరికి వేలు బిగిసింది. కాంపౌండరు చూసి, "గింత దానికి వచ్చినవా?" అని టించరు రాసి పంపాడు. తెల్లారేసరికి అరచెయ్యి ఉబ్బి, రంగు మారింది. ముట్టుకుంటే ఈరయ్య కేకలు పెట్టాడు. వలీ భాయ్ బండెక్కించి హైదరాబాదు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు విషయమంతా అడిగి తెలుసుకుని తల ఊపాడు. వేలికి పడింది చిన్న రంధ్రమే అయినా, దాంట్లోంచి నూనె లోపలికి దూసుకుపోయి అరచెయ్యంతా పాకిందట. తగిలిన రోజే కోసి కడిగి ఉంటే చెయ్యి దక్కేదేమోనట. మూడు వేళ్లూ, అరచేతిలో సగమూ తీసేశారు. బొటనవేలు, చిటికెన వేలు మిగిలాయి.

కాశమ్మ పల్లె నుంచి వచ్చి కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నీళ్ల చదువు నీళ్ల చదువంటివి. గింత పని చేసెనా కొడుకా," అని మాత్రం అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ చలికాలం దాటకుండానే ఆమె పోయింది.

పుండు మానకముందే ఈరయ్య తరగతికి వెళ్లాడు. వద్దని రుక్కమ్మ అన్నా వినలేదు. ఆ రోజు పాఠం జాగ్రత్తల గురించి. వెంకటరత్నం పుస్తకం తెరిచి, బోర్డుమీద పైపు బొమ్మ గీసి, "ఒత్తిడిలో ఉన్న పైపు ఎక్కడ కారుతుందో ఎప్పుడూ చేత్తో తడిమి చూడకూడదు. అట్టముక్క పెట్టి చూడాలి. ఎందుకంటే..." అని వెనక్కు తిరిగాడు. వెనక బెంచీలో తెల్ల కట్టు కనబడింది. మాట ఆగిపోయింది. కుర్రవాళ్లందరూ వెనక్కు చూశారు.

"చెప్పున్రి సార్," అన్నాడు ఈరయ్య. "ఎందుకో చెప్పున్రి. పోరగాండ్లు వినాలె."

వెంకటరత్నం పుస్తకం మూసి, "ఈ పాఠం మొదటి సంవత్సరంలోనే ఉండాల్సింది, ఈరయ్య గారూ," అన్నాడు. పాఠం ఎక్కడుంటే ఏం, అది తన దాకా వచ్చేసరికి ఆలస్యమే అవుతుందని ఈరయ్యకు అనిపించింది. ఎదుటివాడిమీద కోపం తెచ్చుకునే శక్తి కూడా అతనిలో లేదు.

పరీక్షకు ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. హన్మమ్మ పలకమీదే ఆమెతో పాటు అక్షరాలు దిద్దాడు. పరీక్ష రోజున ప్రశ్నపత్రం చదివితే అన్నీ అర్థమయ్యాయి. ఇంగ్లీషులో ఉన్న ప్రతి మాటా అర్థమైంది. కానీ చెయ్యి నడవలేదు. మొదటి ప్రశ్న జవాబు సగమయ్యేసరికి పక్కవాళ్లు మూడోది రాస్తున్నారు. తర్వాత షెడ్డులో జాయింటు బిగించి చూపించమన్నారు. రెంచీ రెండుసార్లు జారి కిందపడింది. పరీక్ష పెట్టడానికి వచ్చిన అధికారి మంచివాడే, నీళ్లు తాగించి కూర్చోబెట్టాడు. రెండు చేతులూ లేనిదే ఈ సర్టిఫికేటు ఇవ్వడానికి రూలు ఒప్పుకోదని మెల్లగా చెప్పాడు. వెంకటరత్నం పైకి రాసి చూశాడు. అదే జవాబు వచ్చింది. మరుసటి ఏడు ఆయనకు బదిలీ అయింది. చేరేవాళ్లు తగ్గి తరగతి కూడా ఎత్తేశారు.

సేటు ఈరయ్యను వెళ్లగొట్టలేదు, గేటు దగ్గర కాపలాకు కూర్చోబెట్టాడు. రుక్కమ్మ రాతి బండలు మోసే పనికి పోవడం మొదలుపెట్టింది. వలీ భాయ్ చూపు మందగించి పని మానుకున్నప్పుడు ప్రెస్సుకు హైదరాబాదు నుంచి సర్టిఫికేటున్న మనిషి వచ్చాడు. అతను చెడ్డవాడేం కాదు. గేటు దాటుతూ రోజూ పలకరించేవాడు. ఒకసారి మాత్రం ప్రెస్సు మొండికేస్తే ఈరయ్యను లోపలికి పిలిచి సంగతి అడిగాడు. ఈరయ్య వచ్చి నిలబడి చాలాసేపు చూశాడు.

"నాకు తెల్వది సార్," అన్నాడు.

నిజంగానే తెలియలేదు. చప్పుడు వింటే ఇంతకుముందు ఏదో తోచేది, ఇప్పుడు ఏమీ తోచలేదు. గేటు దగ్గరికి తిరిగి వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం ఆ సంగతి రుక్కమ్మకు చెబితే ఆమె నమ్మలేదు.

"చెప్పబుద్ధి గాక అన్నవా?"

"కాదు. నిజంగ తెల్వలే."

1966 నాటికి చుట్టుపక్కల పత్తి వేసేవాళ్లు తగ్గి కంది వేసేవాళ్లు ఎక్కువయ్యారు. సేటు మిల్లు మూసేశాడు. యంత్రాలను విప్పి లారీల్లో ఎక్కించి ఎక్కడికో అమ్మేశారు. ప్రెస్సు స్తంభాన్ని బయటికి లాగడానికి ఒక రోజంతా పట్టింది. చివరి లారీ పోయేదాకా కాపలా ఉండమంటే ఈరయ్య ఉన్నాడు. అది పోయాక గేటు మూసి, తాళం చెవి సేటు గుమాస్తాకు ఇచ్చి ఇంటికి నడిచాడు.

రుక్కమ్మ అప్పుడే పని నుంచి వచ్చింది. జుట్టు నిండా తెల్లటి రాతి దుమ్ము. వెంట హన్మమ్మ ఉంది. ఆమె కూడా ఆ నెల నుంచే తల్లితో పనికి పోతోంది.

"అయిపోయిందా?" అంది రుక్కమ్మ.

"అయిపోయింది."

"రేపటి సంది?"

ఈరయ్య గడపమీద కూర్చుని చెప్పులు విడిచాడు. రుక్కమ్మ లోపలికి పోయి పొయ్యి అంటించింది.